ఎనిమిది కుదుళ్ళ గూడు

ఇరవై రెండేళ్ళ కిందట, కార్తీకమాసం రెండో సోమవారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలు. ఆ కాలానికి నాకు గడియారం చూడటం రాదు. వెంకటాచలం నుంచి సముద్రం దిక్కుకు పోయే బస్సు మా వరి కయ్యల పక్కన రోడ్డు మీద పదకొండింటికి పోయేది. అదే మాకు గంట. బస్సు పోయింది. నేను నడుము ఎత్తి చూశాను. చూసి నవ్వాను. ఆ నవ్వు గురించి రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. అక్షరాలు రాకపోవడం వల్ల ఆలస్యమైందని చెప్పుకోవచ్చు. అది అబద్ధం. అక్షరాలు వచ్చాక కూడా ఏడేళ్ళు రాయలేదు.

ఎవరి పేరూ రాయను. అట్లా రాయమని నాకు చెప్పిన మనిషి ఉంది. ఆమె మాట తరువాత వస్తుంది.

నేను నాట్ల ముఠాకు మేస్త్రిని. మేస్త్రి అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. తెల్లవారకముందే ఆడవాళ్ళ గడపల ముందు నిలబడి కేకలేసి లేపాలి, రైతుతో మాట్లాడి కయ్య ఒప్పుకోవాలి, నాటు వంకర పోతే రైతు చేత తిట్లు తినాలి. నేను తిన్నవాటికంటే పెట్టినవి ఎక్కువ. నా నోరు ఊరందరికీ తెలుసు. నేను వీధిలో వస్తుంటే కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయని మా ముఠాలో వాళ్ళే అనేవాళ్ళు. నాకు అది పొగడ్త మాదిరే వినిపించేది.

నాట్లు ఎట్లా వేసేవాళ్ళమో చెబుతాను, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ఇప్పుడు మా కయ్యల్లో ఎక్కడినుంచో రైలెక్కి వచ్చిన మగవాళ్ళు తాడు కట్టి వేస్తున్నారు. కొన్నిచోట్ల మిషనే వేస్తోంది. అప్పుడు అంతా ఆడవాళ్ళమే. దమ్ము చేసిన కయ్యలో ఒక గట్టు దగ్గర వరసగా నిలబడి, వంగి, నారు గుచ్చుకుంటూ వెనక్కి వెనక్కి అడుగేస్తాం. ఒక చోట గుచ్చిన నాలుగైదు పోచలను కుదురు అంటాం. మనిషికి ఆరు కుదుళ్ళ వెడల్పు. నీ ఆరు నీవి, పక్కమనిషి ఆరు ఆమెవి.

ఒకరు నిదానమైతే ఆమె ముందర ఉండిపోతుంది, పక్కవాళ్ళు వెనక్కి వచ్చేస్తారు. అప్పుడు ఆ పక్కవాళ్ళిద్దరూ ఆమె వెనక కలుసుకుని అడ్డంగా నారు వేసేస్తారు. ఆమెకు నాలుగు దిక్కులా నాటే. కాళ్ళ కింద మిగిలిన జాగా వేసుకుంటుంది. వేశాక బయటికి రావడానికి దారి ఉండదు. అడుగు ఎక్కడ పెట్టినా కుదురు తొక్కాలి. దీన్ని మేము గూట్లో పెట్టడం అనేవాళ్ళం. అది మా ఆట. గూట్లో పడ్డ మనిషి "గూడు విప్పు మేస్త్రీ" అని అడగాలి. అడిగితే మేస్త్రి రెండు మూడు కుదుళ్ళు పీకి దారి ఇస్తుంది, తరువాత మళ్ళీ గుచ్చుతుంది. మరునాడు ఆమె అందరికీ ఆకూ వక్కా తేవాలి. వయసులో ఉన్నప్పుడు నేనూ రెండుసార్లు పడ్డాను. తిట్టుకుంటూ వక్కలు తెచ్చాను. అంతటితో అయిపోయేది.

ఆ రోజు గూట్లో పెట్టింది మరదల్ని. సొంత మరదలు కాదు, మా వీధిలో నాలుగిళ్ళ అవతల ఉంటుంది, వరసకు మరదలు. నాకంటే ఆరేళ్ళు చిన్నది. అంతకుముందటి ఏడాది ముఠాలో వేగానికి నా తరువాత చెయ్యి ఆమెదే. ఆ ఏడు ఎందుకో నిదానమైంది. పదిహేను రోజులుగా చూస్తున్నాను, రోజూ వెనకబడుతోంది. ఎందుకు అని అడగలేదు. తిట్టాను.

ఆ సోమవారం ఆమె నాకూ మా అత్తకూ మధ్యలో నిలబడింది. మా అత్తకు అప్పటికి డెబ్బై దగ్గర పడ్డాయి. ఇంకా ముఠాలో వచ్చేది. రావద్దంటే వినేది కాదు.

"ఏమే, పెళ్ళికూతురు నడక నడస్తుండావు. సాయంత్రానికి ఈ కయ్య తెగుద్దా?" అన్నాను.

"తెగుద్దిలే వదినా. కయ్యేమన్నా లేచి పారిపోతదా?" అంది మరదలు, తల ఎత్తకుండానే.

అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వారు. మేస్త్రిని చూసి ముఠా నవ్వకూడదు. నేను గబగబా నా ఆరూ వేసుకుని ఆమె వెనక్కి వచ్చాను.

"అత్తా, ఇటు జరుగు."

మా అత్త తల ఎత్తి నన్ను చూసింది. "వద్దులేమే. పోనీ."

"జరుగు అంటుంటే."

జరిగింది. ఆమె అటునుంచి, నేను ఇటునుంచి వేసుకుంటూ వచ్చి మధ్యలో కలిశాం. గూడు మూసుకుంది. అప్పుడే బస్సు పోయింది. నేను నడుము ఎత్తి నవ్వింది అప్పుడే.

మరదలు తన జాగా తాను వేసుకుంది. తొందరపడలేదు. చివరి కుదురు గుచ్చి, మిగిలిన నారు చేత్తో పట్టుకుని నిలబడింది. మేము గట్టు మీదికి వచ్చేశాం. "అడుగుమే, అడుగు, వక్కలకు నేను పందెం" అని ఒకామె, "మంచి ఆకు తేవాలమ్మా, వాడిపోయింది కాదు" అని ఇంకొకామె. ఆమె పలకలేదు. అంతలో తూర్పు నుంచి నల్లగా పట్టింది. మా దిక్కున ఆ కాలంలో వాన సముద్రం మీదినుంచి వస్తుంది, వచ్చేదాకా ఉండదు, వచ్చిందంటే కొట్టేస్తుంది. అందరం మోటారు కొట్టంలోకి పరుగెత్తాం. మరదలు కయ్య మధ్యలో నిలబడే ఉంది.

"పిలవమే దాన్ని," అంది మా అత్త. "ఉరుములు ఉరమతుండాయి."

"దానికి నోరు లేదా? అడగమను, విప్పుతా."

"నువ్వు పిలిస్తే ఏం పోతుంది?"

"నా మేస్త్రితనం పోతుంది," అన్నాను. జోకుగా అన్నాననే అనుకున్నాను.

మొదట అందరూ నవ్వుతూ ఉన్నారు. కాసేపటికి నవ్వడం మానేశారు. ఎవరూ వెళ్ళలేదు. రేపు పనికి పిలిచేది నేను కదా. పన్నెండింటికి బస్సు తిరిగి వచ్చేదాకా వాన కురిసింది. అంటే గంట. ఆ గంటసేపు ఆమె చేతిలో నారు పట్టుకుని, తలమీద కొంగు కూడా కప్పుకోకుండా, మా వైపు చూడకుండా నిలబడింది.

ఆ కయ్య ఆసామి అయిన రైతు గొడుగు వేసుకుని వచ్చాడు. కయ్యలోకి చూశాడు. "ఎవురుమే అది? నాట్లేయమంటే దిష్టిబొమ్మను కూడా పెట్టేసినారా?"

కొట్టంలో మళ్ళీ నవ్వులు పుట్టాయి. వాన తెరిపి ఇచ్చింది. మరదలు నేరుగా నడిచి వచ్చింది, కుదుళ్ళు తొక్కుకుంటూ, గట్టు ఎక్కింది, క్యారేజీ తీసుకుంది, ఊరి వైపు పోయింది. రైతు నన్ను తిట్టాడు. నేను దిగి ఆమె తొక్కిన కుదుళ్ళన్నీ మళ్ళీ గుచ్చాను. ఆ గూట్లో నిలబడే గుచ్చాను. దాని వెడల్పు ఎనిమిది కుదుళ్ళు. ఆరు ఉండాల్సింది ఎనిమిది ఉంది. నా రెండు కాళ్ళ మధ్య ఉంది ఆ లెక్క. చూడలేదు.

మరునాడు ఆమె పనికి రాలేదు. ఆ తరువాత ఎప్పుడూ రాలేదు. నెల తిరక్కుండానే రోడ్డు మీదికి వచ్చే వ్యానెక్కి రొయ్యల కంపెనీకి పోవడం మొదలుపెట్టింది. రొయ్యల తలలు తుంచే పని, రోజంతా చేతులు ఐసులో.

మరుసటి ఏడు మా అత్త మంచంలో పడింది. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే, గ్లాసు పక్కకు తోసి చెప్పింది. "ఆ పిల్ల నా రెండు కుదుళ్ళు ఏస్తా ఉన్నింది. పదిహేను దినాలు. నాకు నడుం పట్టేసి చెయ్యి సాగలా. తనకు ఎనిమిది, నాకు నాలుగు."

నాకు ముందు అర్థం కాలేదు. తరువాత అర్థమైంది.

"ఆ రోజు చెప్పొచ్చు కదా అత్తా."

"చెప్తే నన్ను ముఠాలోనుంచి తీసేయవా? ఇంట్లో కూర్చోబెట్టవా?"

"అందుకని మూసేసినావా గూడు? నీ చేత్తో నువ్వే?"

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. తరువాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ నెలలోనే పోయింది. కోడళ్ళు అత్తలకు భయపడతారని ఊళ్ళో చెప్పుకుంటారు. మా ఇంట్లో మా అత్త నాకు భయపడింది. ఆ భయానికి ఒక మంచి మనిషిని వానలో నిలబెట్టింది. ఇది నేను ఎవరికీ చెప్పుకోలేదు, మా ఇంటాయనకు కూడా.

అప్పటినుంచి మరదలి ముఖం చూడలేకపోయాను. అంగడికి పోవాలంటే ఆమె వాకిలి ముందునుంచే పోవాలి. నేను రైసుమిల్లు వెనక సందులోనుంచి పోయేదాన్ని. వానాకాలంలో ఆ సందులో మోకాళ్ళ దాకా నీళ్ళు. అయినా అటే. ఆమె కూతురి పెళ్ళికి పోలేదు. ఆమె మొగుడు పోయినప్పుడు పోయాను, ఆడవాళ్ళ వెనక నిలబడి, ఆమె నన్ను చూడకముందే వచ్చేశాను. ఇంట్లో పప్పు రుబ్బుతూనో, గిన్నెలు తోముతూనో ఆ పదకొండు గంటల వేళను మళ్ళీ మళ్ళీ తిప్పుకునేదాన్ని. తిప్పిన ప్రతిసారీ నేను పిలిచేదాన్ని, ఆమె వచ్చేది. లేకపోతే, అసలు నవ్వకుండా ఆ ఎనిమిదీ లెక్కపెట్టేదాన్ని. కళ్ళు తెరిస్తే చేతిలో గిన్నె. ఆమె చేతులు ఐసులో.

ఐసులో ఏళ్ళ తరబడి ఉండి ఆమె వేళ్ళ కొనలు పాలిపోయి నునుపెక్కిపోయాయని, పింఛను ఇచ్చేటప్పుడు వేలిముద్ర మిషను మీద పడటం లేదని అంగడి దగ్గర విన్నాను. ఆ రోజు అన్నం తినలేదు. ఆ వేళ్ళను పోగొట్టింది నేనే అని గట్టిగా అనుకున్నాను. ఇప్పుడు సిగ్గుతో రాస్తున్నాను, అట్లా అనుకోవడం నాకు కొంచెం ఊరటగా ఉండేది. ఇంత బాధపడుతున్నాను కాబట్టి నేను అంత చెడ్డదాన్ని కాదు అని.

నా చేత అక్షరాలు దిద్దించింది మా ఊళ్ళో మిషను కుట్టే సాయిబుల అమ్మాయి. నాకు అరవై నిండాయి అప్పటికి. జాకెట్టు కుట్టించుకోవడానికి పోతే, కొలతలు రాసుకున్న కాగితం నా చేతికిచ్చి సరిచూసుకోమంది. తలకిందులుగా పట్టుకున్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. మధ్యాహ్నం పూట రమ్మంది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో, మిగిలిపోయిన నల్ల లైనింగు పీలికల మీద రాయించింది. అయిదారు నెలల్లో పేరు, ఏడాదికి బస్సు బోర్డులు. ఇప్పుడు పేపరు చదువుతాను, నిదానంగా. ఈ మాఘంలో ఆ అమ్మాయి అంది, "ఎన్నాళ్ళని ఉన్నవే చూసి రాస్తావు పెద్దమ్మా? నీది ఏదైనా రాయి."

వారం పట్టింది. పన్నెండు వరసలు. తీసుకుపోయి చూపించాను. ఆ అమ్మాయి చదివి, కాగితం మడిచి నా చేతిలోనే పెట్టింది.

"ఇది నాకెందుకు చూపిస్తావు పెద్దమ్మా? ఆమె ఇల్లు మీకు నాలుగిళ్ళ అవతలేగా."

మరో పదిరోజులు కాగితం బియ్యం డబ్బా కింద పెట్టుకున్నాను. పదకొండో రోజు సాయంత్రం నాలుగు గంటలకు, ముందు వీధిలోనుంచి నడిచాను. ఆమె మొగుడు పోయిన రోజు తప్పిస్తే, ఇరవై ఒక్కేళ్ళ తరువాత వీధిలో ఆ వైపు. కొత్తగా రెండు మేడలు లేచాయి, నేను చూడనే లేదు.

మరదలు వాకిట్లో చాట ముందు పెట్టుకుని చింతపండు గింజ తీస్తోంది. తల ఎత్తి చూసింది. మళ్ళీ చాటలోకి చూసింది.

"దారి తప్పినావా వదినా? నీ సందు అటుంది."

"నీ దగ్గరికే వచ్చినా."

"ఏంటికి? నాట్లకు పిలవడానికా? ముఠా యాడుంది?"

కాగితం తీసి ఇచ్చాను. చెయ్యి చాపలేదు.

"నాకు సదవొచ్చునని ఎవురు చెప్పినారు నీకు?"

అక్కడ నిలబడి నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ చెవుల్లో వేడిగా తగులుతుంది. అన్ని రోజులు రాశాను. చదవడం రాని మనిషి కోసం రాస్తున్నానని ఒక్కసారి తోచలేదు. నాకు వచ్చింది కాబట్టి లోకానికంతా వచ్చిందనుకున్నాను.

"తెచ్చినావు కదా, సదువు," అంది. పీట కాలితో నా వైపు తోసింది.

కూర్చుని చదివాను. నాకు చదవడం అంటే కూడబలుక్కోవడమే. ఒక మాట దగ్గర ఆగి, వెనక్కి పోయి, మళ్ళీ పట్టుకుని ముందుకు పోవాలి. అద్దాలు జారుతున్నాయి. చెమట పడుతోంది. ఒకచోట నా అక్షరమే నాకు తెలియలేదు. పన్నెండు వరసలకు ఎంతసేపు పట్టిందో. ఆమె గింజ తీస్తూనే ఉంది. మధ్యలో ఒక్కసారి మాత్రం, "నిదానంగా సదువు, తరుముకొచ్చే వాళ్ళెవురూ లేరు ఈడ," అంది. ఎత్తిపొడిచిందో, నిజంగానే అందో నాకు తెలియలేదు.

కాగితంలో ఉన్నది ఇంతే. నిన్ను గూట్లో పెట్టాను. వానలో పిలవలేదు. మా అత్త కుదుళ్ళు నువ్వు వేస్తున్నావని నాకు తెలియదు. నా వల్ల నువ్వు నాట్లు మానుకున్నావు. నా వల్ల కంపెనీకి పోయావు. నా వల్ల నీ వేళ్ళు పాడయ్యాయి. నన్ను మన్నించు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

చాట పక్కన పెట్టింది. రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది, వేళ్ళు తిప్పి తిప్పి.

"ఇవి నీ వల్లా? ఇరవై ఏళ్ళు ఐసులో పెట్టింది నేను వదినా. నా బిడ్డ సదివింది దీంతోనే. నడిమిట్లో నువ్వొచ్చి నా వల్ల, నా వల్ల అని ఎత్తుకు పోతావేంది?"

నేను కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను.

"కంపెనీకి పోదామని శ్రావణం నుంచే అనుకుంటుండా. నీడన కూర్చునే పని. నీకు చెప్పడానికే నోరు రాలా, యాడ అరుస్తావో అని. ఆ దినం ఇంటికి పోతా అనుకున్నా, పీడ వదిలిపోయిందని."

"మరి ఆ గూట్లో ఎందుకు నిలబడినావు? ఒక్క మాట అడిగితే విప్పేదాన్ని కదా."

"నిన్ను అడగడం ఇష్టంలేక," అంది. అని, కొంచెం నవ్వింది. "పొగరు నీకొక్కదానికే ఉండాలా ఏంది?"

"మా అత్తకు నువ్వు చేసిన సాయం..."

"సాయమా? ఊరికే ఏసినానా నేను? రోజూ చింతకాయ పచ్చడి తెచ్చేది నాకు, నీకు తెలీకుండా, కొంగులో కట్టుకుని. రెండు కుదుళ్ళకు రెండు ముద్దల పచ్చడి. మీ అత్త పచ్చడి అట్టాంటిది. మళ్ళీ ఎవురూ చేయలా."

మా ఇంట్లో పచ్చడి జాడీ ఆ ఏడు తొందరగా ఖాళీ అయింది. పక్కింటి వాళ్ళను అనుమానించాను. నవ్వు వచ్చింది నాకు. నవ్వబోయాను. అప్పుడు ఆమె అంది.

"ఒకటి ఇడిసిపెట్టినావు."

"ఏంది?"

"ఆసామి దిష్టిబొమ్మ అన్నాడు. ఒక్కసారి అన్నాడు. వానలో నాకు వినపడను కూడా లా. రెండోసారి ఎవురన్నారు?"

ఆ వాకిట్లోకి వచ్చేటప్పుడు నాకు ఉన్న సిగ్గు ఒకటి, అప్పుడు పుట్టింది ఇంకొకటి. ఇప్పుడు రాస్తున్నాను. ఆసామి అన్నాక నేను కొట్టం బయటికి వచ్చి, వాన హోరును మించి, కయ్య ఆ కొసకు వినపడేటట్టు, "ఏమే దిష్టిబొమ్మా, పిట్టలు తోలుతుండావా?" అని అరిచాను. పైన రాసినప్పుడు కూడా ఆసామి మాట రాశాను, నవ్వులు పుట్టాయని రాశాను, నా మాట దాటేశాను. వెనక్కి పోయి దిద్దలేదు. అట్లాగే ఉండనీ. నేను ఎట్లా దాటేస్తానో చదివేవాళ్ళకు తెలియాలి.

"వాన ఆ దినమే ఆరిపోయింది వదినా. ఆ మాట ఆరలా. నా కూతురు పదో తరగతిలో బడికి పోనని కూర్చునింది, దిష్టిబొమ్మ కూతురా అన్నారని. నాలుగు దినాలు కూర్చునింది. నువ్వేమో వాన రాసుకొచ్చినావు."

ఇరవై రెండేళ్ళు నేను మోసింది నాకు నచ్చిన తప్పు. అందులో వాన ఉంది, అమాయకంగా నిలబడ్డ మనిషి ఉంది, ఏమీ తెలియని నేను ఉన్నాను. తెలిసి నోటితో చేసినది అందులో లేదు. మోయడానికి బరువుగా ఉంది అనుకున్నాను గానీ, బరువైనదాన్ని ముందే పక్కన పెట్టేశాను.

"ఇంకోటి," అంది మరదలు. ఈసారి గొంతు తగ్గింది. "నువ్వు నన్ను చూసి సందు మారతా ఉంటే ఊళ్ళో ఏమనుకున్నారో తెలుసా? నేను మేస్త్రిని ఏదో అనరాని మాట అన్నానంట, అందుకే మేస్త్రి నా మొకం చూడదంట, అని. నేను కూడా అనుకున్నా. ఏమి తప్పు చేసినానా అని. మీ అత్తకు కుదుళ్ళు ఏసినానని కోపమేమో అనుకున్నా. ఎన్ని ఏండ్లు అనుకున్నానో."

గూట్లో ఆమెను ఒక గంట పెట్టాను. ఆ సందు దారిన పోయి ఇరవై ఏళ్ళు పెట్టాను. అది నాకు శిక్ష అనుకున్నాను. శిక్ష పడింది ఆమెకు.

"మన్నించు" అని మళ్ళీ అనబోయాను.

"మన్నించడానికి నేనేమన్నా అమ్మవారినా?" అంది. "టీ పెడతా, తాగిపో. ఆ కాగితం మళ్ళీ రాయి. ఆ మాట రాయి. ఇంకా, ఆ కయ్యలో నువ్వూ నేనే ఉన్నట్టు రాసినావు. తొమ్మిదిమందిమి ఉన్నాం. నువ్వొక్కదానివే చేస్తే గూడు మూసుకుంటదా? నువ్వొక్కదానివే నవ్వినావా? అందరినీ రాయి. పేర్లు వద్దు, వాళ్ళ బిడ్డలు సదువుకున్నోళ్ళు, సదువుతారు. ఎవురు ఏ పక్క నిలబడినారో రాయి, చాలు."

టీ తాగాను. చక్కెర ఎక్కువ వేసింది. ఇంటికి ముందు వీధినే వచ్చాను.

ఆ తరువాత నా మనసులో ఒకటి మారింది. దాన్ని పెద్ద మాటల్లో చెప్పడం నాకు రాదు. ఇదివరకు ఆ రోజు గుర్తొస్తే, కయ్య మధ్యలో నేను ఒక్కదాన్నే పెద్దగా కనిపించేదాన్ని. ఆమె కూలి నా వల్ల, ఆమె ఐసు నా వల్ల, వాన కూడా నా వల్లే అన్నట్టు. అక్కడ కూడా మేస్త్రితనమే చేశాను. ఇప్పుడు గుర్తొస్తే తొమ్మిదిమంది కనిపిస్తారు. ఎవరి పొగరు వాళ్ళకు, ఎవరి భయం వాళ్ళకు, మరదలికి కూడా ఒకటి. నావి ఆరు కుదుళ్ళు. ఆ ఆరూ నావే, వాటిని ఎవరి మీదా పెట్టను. పక్కవాళ్ళవి నావని లాక్కోను. పప్పు రుబ్బుతూ ఆ రోజును తిప్పుకోవడం దాదాపు ఆగిపోయింది. ఆ ఇరవై ఏళ్ళ సందు నడక మాత్రం ఇంకా వదల్లేదు. దానికి మందు ఏమిటో తెలియదు. రోజూ ఆ వాకిలి ముందునుంచే అంగడికి పోతున్నాను, అంతే.

ఒకరోజు అంగడి దగ్గర ఒక కోడలుపిల్ల, కొత్తగా కాపురానికి వచ్చింది, "దిష్టిబొమ్మ వాళ్ళింట్లో చింతపండు అమ్ముతుండారంట" అంది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఆ పిల్లకు తెలియదు. "ఆ పేరు పెట్టి అరిచింది నేను," అన్నాను. "అరవకూడనిది అరిచినాను. ఇంక నువ్వు అనబాక." అంగడాయన తక్కెడ పట్టుకుని నన్నే చూశాడు.

మరదలి కూతురు కావలిలో ఉంటుంది. వేలిముద్ర పడటం లేదని, కళ్ళతో నమోదు చేయించడానికి అమ్మను తీసుకుపోవాలని చైత్రంలో వచ్చింది. "దానికి కూడా సదివి వినిపించు," అంది మరదలు. తిరగరాసిన కాగితం తీసుకుపోయాను. ఈసారి ఆ మాట ఉంది. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, రెండుసార్లు ఆగి చదివాను. ఆ అమ్మాయి స్తంభానికి ఆనుకుని చివరిదాకా విన్నది.

"అత్తా," అంది. "ఆ మాట మా అమ్మ ముందర మళ్ళీ ఎందుకు సదివినావు?"

అని లోపలికి పోయింది. బయటికి రాలేదు. మరదలు గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది. నేను పీట మీదినుంచి లేచి వచ్చాను. రైసుమిల్లు సందు వైపు కాలు తిరిగింది. పాత అలవాటు. ఆపుకుని ముందు వీధినే నడిచాను. ఆ అమ్మాయి కోపం ఆమెది. అది తగ్గితే తగ్గుతుంది, లేకపోతే లేదు. దాన్ని కూడా ఇంటికి ఎత్తుకొచ్చి నాదని పెట్టుకుని కూర్చోను.

మరదలు రాయమన్నట్టే రాస్తున్నాను. ఆ సోమవారం పదకొండు గంటలకు ఆ కయ్యలో, తూర్పు గట్టు నుంచి వరసగా: చాకలామె, వక్కలకు పందెం కట్టింది ఆమే. ఆమె పక్కన ఆమె పెద్ద కోడలు. వడ్లమిల్లులో చెరిగే ఆమె, ఇప్పుడు లేదు. నేను, మేస్త్రిని. మరదలు, ఎనిమిది కుదుళ్ళతో. మా అత్త, నాలుగు కుదుళ్ళతో. సముద్రం పక్క పల్లెనుంచి నాట్ల కాలంలో వచ్చే అక్కాచెల్లెళ్ళిద్దరు, వాడిపోయిన ఆకు వద్దన్నది వాళ్ళలో చిన్నామె. పడమటి గట్టు పక్కన మంత్రసాని కూతురు, ఆమె ఒక్కతే నవ్వలేదని మరదలు చెప్పింది, నాకు గుర్తు లేదు. వాన వెలిసే ముందు గొడుగుతో వచ్చిన ఆసామి.